నవ్వులపాలైనవాడి వెంట ఒక్కరైనా పరుగెత్తాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సినిమా పేజీలోనూ ఆదివారం సంచికలోనూ ఓటీటీలో చూడదగిన హాస్య ధారావాహికలను పరిచయం చేసే శీర్షికలను నేను క్రమం తప్పకుండా చదువుతాను. కొంతకాలంగా వాటిలో ఒక రకం హాస్యానికి పెద్దపీట పడుతోంది. అందులో ప్రధాన పాత్ర అహంకారి, స్వార్థపరుడు, ఎదుటివారి మనసు ఏమాత్రం ఎరగనివాడు. నలుగురిలో అనకూడని మాట అంటాడు, చేయకూడని పని చేస్తాడు, పైగా తానేదో ఘనకార్యం చేశాననుకుంటాడు. చుట్టూ ఉన్నవారు ఎటు చూడాలో తెలియక తలలు దించుకుంటారు. ఆ ఇబ్బందినే హాస్యంగా మనకు అందిస్తారు. పిల్లలు దీనిని క్రింజ్ కామెడీ అంటున్నారు. దీనిని ఇష్టపడేవారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే, చూడలేకపోతున్నామని చెప్పేవారిని మంచివాళ్ల కథలు తప్ప మరొకటి మింగుడుపడని పాతకాలపు ప్రేక్షకులుగా జమకట్టే ధోరణి సమీక్షల్లో కనబడుతోంది. చూడలేనివారిలో నేనూ ఒకతెను. కావలిలో జూనియర్ కళాశాల విద్యార్థులకు తెలుగు చెబుతాను. చెడ్డ పాత్రలను చూసి హాయిగా నవ్వగలిగిన నేను ఈ ఒక్క రకం హాస్యం దగ్గర ఎందుకు ఆగిపోతున్నానో ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ కోవలో అన్నిటికన్నా ఎక్కువ పేరు వచ్చినది ‘ది ఆఫీస్’. రికీ జర్వేస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి రూపొందించిన ఈ ధారావాహిక 2001లో ఇంగ్లండులో బీబీసీ టూలో మొదలైంది. దాని అమెరికా రూపం 2005 నుంచి 2013 వరకు తొమ్మిది సీజన్లు, 201 భాగాలుగా వచ్చింది. 2019లో హిందీలో కూడా తీశారు. కాగితం అమ్మే ఒక కంపెనీ శాఖ, అందులో తనంత హాస్యప్రియుడు, తనంత మంచి యజమాని లోకంలో లేడనుకునే ఒక మేనేజరు, అతని కింద పనిచేసే ఉద్యోగులు, ఇంతే కథ. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు అమెరికా రూపాన్ని మా ఇంటి టీవీలో పెట్టింది.

మొదటి భాగంలోనే ఒక సన్నివేశం ఉంది. కంపెనీలో మనుషులను తగ్గిస్తారన్న వార్త అప్పటికే అందరినీ పట్టి పీడిస్తూ ఉంటుంది. కొత్తగా చేరిన ఒక కుర్రవాడి ముందు తన చమత్కారం చూపించుకోవాలని మేనేజరు రిసెప్షనిస్టును గదిలోకి పిలిచి, నువ్వు ఆఫీసులో కాగితాలు దొంగిలించావు, నీ ఉద్యోగం తీసేస్తున్నాను అంటాడు. దొంగిలించిందన్న వస్తువు ఏమిటంటే, గుర్తు కోసం ఫైళ్ల మీద అంటించుకునే చిన్న చిన్న చీటీలు. ఆమె మొదట నమ్మదు, తరువాత నమ్ముతుంది, తరువాత ఏడుస్తుంది. అప్పుడు అతడు ఇదంతా పరిహాసమేనని చెప్పి, ఆమె నవ్వుతుందేమోనని ఎదురుచూస్తాడు. ఇంగ్లండు మూలంలోనూ మొదటి భాగంలో ఇదే సన్నివేశం ఉంది. ఇంగ్లీషు బొత్తిగా రాని మా అత్తగారు ఆ అమ్మాయి ముఖం వైపు చూసి, “ఆ పిల్లనెందుకే అట్లా ఏడిపిస్తున్నాడు వాడు?” అని మనవరాలిని అడిగారు. “అది జోకు నాయనమ్మా” అంది మా అమ్మాయి. ఆవిడ మరి మాట్లాడలేదు. నేను మాత్రం ఆ కాసేపూ టీవీ పక్కనున్న గోడ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ ఏమీ అనలేదు, నేనే తప్పూ చేయలేదు, అయినా నాకే తల కొట్టేసినట్లయింది.

ఇది కేవలం సున్నితత్వమనీ, కాస్త గట్టిపడితే పోతుందనీ అనేవారున్నారు. ఎదుటివారి సిగ్గు మనకు తగలడం మీద శాస్త్రజ్ఞులు పరిశోధనలు చేశారు. జర్మనీలోని మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో సోరెన్ క్రాఖ్, ఫ్రీడర్ పౌలుస్, వారి సహచరులు చేసిన పరిశోధన 2011లో ప్లాస్ వన్ అనే పత్రికలో వచ్చింది. నలుగురిలో అభాసుపాలవుతున్నవారి బొమ్మలను చూపిస్తూ, చూసేవారి మెదడును స్కానింగ్ చేశారు. ఇతరుల శారీరకమైన నొప్పిని చూసినప్పుడు స్పందించే భాగాలే ఈ సిగ్గును చూసినప్పుడు కూడా స్పందించాయి. నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది మరొకటి ఉంది. అభాసుపాలవుతున్న సంగతి ఆ మనిషికి తెలిసినా తెలియకపోయినా చూసేవారికి ఆ బాధ తగులుతూనే ఉంది. క్రింజ్ కామెడీ కథానాయకుడు సరిగ్గా ఈ తెలియనివాడే. అతనికి సిగ్గు లేదు. అతడు పడవలసిన సిగ్గంతా గదిలో ఉన్న తక్కిన వాళ్లు పంచుకోవాలి, వారితోపాటు మనమూ పంచుకోవాలి.

పైగా ఈ ధారావాహికల నిర్మాణమే మనకు తప్పించుకునే దారి లేకుండా చేస్తుంది. పాత హాస్య ధారావాహికలను ప్రేక్షకుల ఎదుట చిత్రీకరించేవారు, లేదా నవ్వుల ధ్వనిని తరువాత జోడించేవారు. ఆ నవ్వు వినబడగానే ఇది ఆట, ఇక్కడ ఎవరికీ నిజంగా దెబ్బ తగలదు అన్న భరోసా మనకు కలిగేది. ‘ది ఆఫీస్’ వంటివాటిని డాక్యుమెంటరీ పద్ధతిలో, నవ్వుల ధ్వని లేకుండా తీశారు. మాట పేలగానే వచ్చేది నిశ్శబ్దం. కెమెరా కొంచెం కదులుతుంది, ఒక ఉద్యోగి దాని వైపు చూస్తాడు, ఆ చూపు నేరుగా మన మీద పడుతుంది. చూశావు కదా, ఇప్పుడేం చేస్తావు అని అడిగినట్లు ఉంటుంది ఆ చూపు. కళ గురించి తెలిసినవారు ఇది చాలా గొప్ప పనితనమని చెబుతారు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. నటులు అంత బాగా నటించారు కాబట్టే, రచన అంత పదునుగా ఉంది కాబట్టే అది అంత గట్టిగా తగులుతోంది. అయితే పనితనం ఉన్నదంతా నవ్వు పుట్టించి తీరుతుందన్న నియమం లేదు. చూడలేనివారు ఆ పనితనాన్ని గ్రహించలేదన్న తీర్పు కూడా సరికాదు. వారు గ్రహించారు కాబట్టే లేచి వెళ్లిపోతున్నారు.

చెడ్డవాడు హాస్యానికి పనికిరాడని నేననడం లేదు. మన శాస్త్రమే అందుకు ఒప్పుకోదు. భరతుడు నాట్యశాస్త్రంలో హాస్యరసానికి కారణాలు చెబుతూ వికృతమైన వేషంతోపాటు ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం అన్నవాటిని కూడా లెక్కపెట్టాడు. అంటే సిగ్గులేనితనం, ఆశపోతుతనం, పొంతనలేని వాగుడు. ‘ది ఆఫీస్’లోని మేనేజరు ఈ జాబితాలోంచి లేచి వచ్చినవాడిలాగే ఉంటాడు. ‘కన్యాశుల్కం’ నాటకంలోని గిరీశం మోసగాడు, గప్పాలరాయుడు. అయినా వంద సంవత్సరాలకు పైగా తెలుగువారు అతడిని విడిచిపెట్టలేదు. మన జిల్లావాడైన రమణారెడ్డి గారినే తీసుకోండి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఆయన వేసిన గంటన్న కూడా, 1955లో వచ్చిన ‘మిస్సమ్మ’లో అప్పు ఇచ్చినవాడి హక్కుతో నాయికను వేధించే డేవిడ్ కూడా మంచివాళ్లు కారు. ఆ బక్కపలచని మనిషి తెర మీదికి రాగానే మన ప్రాంతపు థియేటర్లలో నవ్వులు మొదలయ్యేవని మా పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నవ్వులో ఎవరికీ తల దించుకోవలసిన అవసరం రాలేదు. ఎందుకంటే ఆ కథల్లో అటువంటివాడికి ఎదురు చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. గంటన్న పన్నాగం పన్నితే అంతకు మించిన ఎత్తు వేసేవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్నారు. గిరీశాన్ని మొదటి నుంచీ ఆనవాలు పట్టిన మధురవాణి ఆ నాటకంలోనే ఉంది. చెడ్డవాడిని చూసి మనం నవ్వడానికి ముందే కథలో ఎవరో ఒకరు వాడిని చూసి నవ్వేశారు.

నలుగురిలో అభాసుపాలయ్యేవాడి కథ తెలుగులో కొత్తదేమీ కాదు. పెన్న ఒడ్డున, మనుమసిద్ధి కాలంలో, తిక్కన సోమయాజి భారత రచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. వర్షాల కోసం ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం మన పల్లెల్లో చాలాకాలం సాగింది. అందులో ఉత్తరకుమారుడున్నాడు. దక్షిణాన శత్రువులు పట్టుకున్న గోవులను విడిపించడానికి తండ్రి సైన్యంతో సహా వెళ్లి ఉండగా, ఉత్తరాన కౌరవులు గోవులను పట్టుకున్నారన్న వార్త వస్తుంది. ఆ కుర్రవాడు అంతఃపుర స్త్రీల మధ్య కూర్చుని, మంచి సారథి ఒక్కడు దొరికితే కౌరవసేన మొత్తాన్ని తానొక్కడే తరిమికొట్టగలనని కోతలు కోస్తాడు. సారథిగా బృహన్నల కుదురుతుంది. కౌరవసేన కంటబడగానే అతనికి ఒళ్లంతా వణుకు పుడుతుంది. రథం మీదినుంచి దూకి పారిపోతాడు. ఒక మనిషి ఇంతకన్నా అభాసుపాలు కాలేడు. ఆడవాళ్లు విన్న ప్రగల్భాలు, శత్రువులు చూస్తున్న పరుగు, రెండూ ఒకే పూటలో జరిగాయి.

ఆ తరువాత కథ ఏం చేసిందో చూడండి. అర్జునుడు రథం దిగి అతని వెంట పరుగెత్తాడు. ఆడవేషంలో, జడ ఊగుతుండగా, కట్టిన ఎర్రచీర రెపరెపలాడుతుండగా పరుగెత్తాడు. ఆ పరుగు చూసి కౌరవ సైనికులు నవ్వారు. అంటే పిరికివాడిని ఆపడానికి ఆ మహావీరుడు తానే నవ్వులపాలు కావడానికి సిద్ధపడ్డాడన్న మాట. పట్టుకుంటే ఉత్తరుడు బంగారం ఇస్తాను, మణులిస్తాను, ఏనుగులిస్తాను, నన్ను వదిలిపెట్టమని బతిమాలుకున్నాడు. అర్జునుడు వదలలేదు, చులకన కూడా చేయలేదు. నువ్వు పగ్గాలు పట్టు, యుద్ధం నేను చేస్తాను అన్నాడు. తిరిగి వచ్చాక తండ్రి కొడుకు పరాక్రమాన్ని పొగడబోతే, గెలిచింది నేను కాదు, ఒక దేవపుత్రుడు అని ఉత్తరుడు సభలో చెప్పాడు. పొద్దున కోతలు కోసినవాడే ఆ మాట అన్నాడు. కురుక్షేత్రంలో మొదటిరోజునే శల్యుడితో పోరాడి మరణించాడు, పారిపోలేదు. ఈ భాగం పాఠంగా చెప్పిన ప్రతిసారీ తరగతి అంతా నవ్వుతుంది. ఆ నవ్వులో ఉత్తరుడి పట్ల అసహ్యం ఉండదు. అతడు పరుగెడుతుంటే వెనక ఇంకొకరి అడుగుల చప్పుడు వినబడుతూ ఉంటుంది కాబట్టే మనం అంత నిర్భయంగా నవ్వగలుగుతున్నాం.

మన పల్లెల్లో తిరునాళ్లకు పద్యనాటకాలు చూసినవారికి ఇంకొక సంగతి గుర్తుండే ఉంటుంది. పాత్రధారికి పద్యం మధ్యలో చరణం తప్పిపోతే, హార్మోనిస్టు వెంటనే ఆ రాగాన్ని అందుకుని, అతనికి మాట గుర్తుకొచ్చే వరకు వాయిస్తూనే ఉంటాడు. తెర పక్కన పుస్తకం పట్టుకున్నవాడు పదం అందిస్తాడు. ముందువరసలోని కుర్రాళ్లు ఈల వేస్తారు, నవ్వుతారు, మళ్లీ పద్యం ఎత్తుకోగానే చప్పట్లు కొడతారు. తప్పు అందరికీ తెలుస్తుంది. తప్పిపోయినవాడిని దీపాల వెలుగులో ఒంటరిగా నిలబెట్టి, అతని ముఖం ఎలా మారుతుందో చూస్తూ కూర్చోవడం మాత్రం అక్కడ ఎవరూ వినోదమనుకోరు. క్రింజ్ కామెడీలో నాకు కనబడనిది ఆ హార్మోనియం చప్పుడే.

తిరిగి ‘ది ఆఫీస్’ దగ్గరికి వస్తాను. 2009లో వచ్చిన ఒక భాగం గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ ధారావాహిక అభిమానుల్లో కూడా చాలామంది దానిని దాటవేస్తామని చెబుతారు. మేనేజరు పదేళ్ల క్రితం ఒక బడికి వెళ్లి, అక్కడి మూడో తరగతి పిల్లలకు, మీరు హైస్కూలు పూర్తి చేస్తే మీ కాలేజీ ఫీజులన్నీ నేనే కడతానని మాట ఇచ్చి ఉంటాడు. పదేళ్లూ గడిచాయి. పిల్లలు కష్టపడి చదివి చివరి తరగతికి వచ్చారు. ఆ రోజు అతని కోసం పాట కట్టి, నాట్యం చేసి, ఒక్కొక్కరూ లేచి కృతజ్ఞత చెబుతారు. అతని దగ్గర డబ్బు లేదు. ఎప్పుడూ లేదు. చివరికి ఆ సంగతి చెప్పి, అందుకు బదులుగా లాప్‌టాప్ బ్యాటరీలు ఇస్తానంటాడు.

నా తరగతిలో బోగోలు నుంచి, జలదంకి నుంచి, కలిగిరి నుంచి వచ్చే పిల్లలున్నారు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే తండ్రులు, పొగాకు బ్యారన్ల దగ్గర ఆకు కట్టే తల్లులు వాళ్లను ఇంటర్మీడియట్ వరకు తెచ్చారు. ఇంటర్ అయిపోయాక ఇంజినీరింగా, డిగ్రీయా, లేక పెళ్లా అన్న ప్రశ్న ఫీజు దగ్గరే తేలుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియక, హాల్‌టికెట్ చేతికి వస్తుందో రాదో తెలియక, ఆఫీసు గది ముందు నిలబడే పిల్లల ముఖాలు ఎలా ఉంటాయో నేను చూస్తూనే ఉంటాను. మాట ఇచ్చినవాడు తప్పితే ఆ మాటను నమ్ముకున్నవారికి ఏమవుతుందో తెలిసినవారికి ఆ సన్నివేశంలో మేనేజరు ముఖం కనబడదు, ఆ పిల్లల ముఖాలే కనబడతాయి. కథ మాత్రం మేనేజరు వెంటే ఇంటిదారి పట్టింది. కారులో అతనిని ఓదార్చడానికి ఒక ఉద్యోగిని ఉంది. తరగతి గదిలో మిగిలిపోయినవారి వెంట ఎవరూ పరుగెత్తలేదు.

అదే ధారావాహికలో దీనికి పూర్తిగా భిన్నమైన ఘట్టం కూడా ఉంది. న్యాయంగా దాని గురించీ చెప్పాలి. 2007లో వచ్చిన ఒక భాగంలో, మొదటి రోజున ఏడిపించబడిన ఆ రిసెప్షనిస్టు తాను వేసిన చిన్న చిన్న బొమ్మలను ఒక ప్రదర్శనలో పెడుతుంది. ఆఫీసులో అందరినీ పిలుస్తుంది, దాదాపుగా ఎవరూ రారు. వచ్చిన ఒక సహోద్యోగి, అతని స్నేహితుడు ఆ బొమ్మల్లో పస లేదని మాట్లాడుకోవడం ఆమె చెవిన పడుతుంది. బొమ్మలు గోడ మీదినుంచి తీసేస్తుండగా మేనేజరు వస్తాడు. ఆ రోజు అతనికి కూడా వేరేచోట పరాభవం జరిగింది. అతడు ఒక్కొక్క బొమ్మనూ నోరు తెరుచుకుని చూస్తాడు. తమ ఆఫీసు భవనం బొమ్మ దగ్గర ఆగిపోయి, ఇది నేను కొనుక్కుంటాను, నిన్ను చూస్తే నాకు గర్వంగా ఉంది అంటాడు. ఆ మాటలో నాటకం లేదు. ఆమె అతనిని కౌగిలించుకుంటుంది. నేను ఆ ధారావాహికలో కళ్లు తిప్పుకోకుండా చూసిన ఘట్టం ఇదే. అతడు మారిపోలేదు, తరువాతి భాగంలో మళ్లీ ఏదో తలవంపుల పనే చేస్తాడు. కానీ ఆ పాత్రలో ఎవరినైనా ఆదుకోగలిగినది కూడా కొంత ఉందని కథ ఒప్పుకుంది. ఇంగ్లండు రూపంలోనూ 2003 క్రిస్మస్‌కు వచ్చిన ముగింపులో, గొప్పవాడని నమ్మి అంతకాలమూ తాను వెంట తిరిగిన ఒక నోటి దురుసు స్నేహితుడిని ఆ మేనేజరు మొదటిసారి గట్టిగా కసురుకుంటాడు. అటు తరువాత తన పాత ఉద్యోగులను నిజంగా నవ్విస్తాడు. ఆ పాత్రను సృష్టించినవారికే చివరికి అతడిని అలా వదిలిపెట్టడానికి మనసు ఒప్పలేదని నేననుకుంటున్నాను.

పాత్రను ఇలా మెత్తబరచడానికి ఒప్పుకోని రచయితలూ ఉన్నారు. లారీ డేవిడ్ 1989 నుంచి 1998 వరకు సాగిన ‘సైన్‌ఫెల్డ్’కు సహ రూపకర్త. కౌగిలింతలూ ఉండవు, గుణపాఠాలూ ఉండవు అన్నది ఆ ధారావాహికకు ఆయన పెట్టిన నియమం. 2000లో మొదలై 2024లో ముగిసిన ‘కర్బ్ యువర్ ఎంథూసియాజం’లో తానే తన పేరున్న పాత్ర వేసి, ఆ నియమాన్ని ఇంకా గట్టిగా పాటించాడు. ఆయన ఉద్దేశం నాకు అర్థమవుతుంది. ప్రతి కథా కన్నీళ్లతో, క్షమాపణలతో ముగిస్తే అది కూడా అబద్ధమే. గుణపాఠం కోసం నేను అడగడం లేదు. ఉత్తరకుమారుడి కథలో కూడా అర్జునుడు ఉపన్యాసం ఇవ్వలేదు. చేయవలసిన పని చూపించి పగ్గాలు చేతికిచ్చాడు, అంతే.

మా అమ్మాయి వాదన ఒకటుంది. ఆఫీసుల్లో మనుషులు నిజంగా ఇలాగే ఉంటారమ్మా, చూసి నవ్వుకుంటే మనసు తేలికపడుతుంది అంటుంది. ఆమె మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. రోజూ అటువంటి అధికారితో వేగుతున్నవారికి ఆ మూర్ఖత్వాన్ని తెర మీద చూడటం ఊరట కావచ్చు. అయితే అదే కారణంగా చూడలేనివారూ ఉంటారు. సిబ్బంది సమావేశంలో పై అధికారి ఒక ఉద్యోగిని రూపం మీదనో, మాట తీరు మీదనో పరిహాసమాడినప్పుడు, అందరూ నవ్వక తప్పని ఆ నిమిషాన్ని అనుభవించినవారు మన కార్యాలయాల్లో, బడుల్లో, దుకాణాల్లో చాలామంది ఉన్నారు. ఆ నవ్వు నవ్వినవారిలో ఎవరికీ నవ్వు రాలేదని వారందరికీ తెలుసు. నెల జీతం మీద ఇల్లు గడిచేవారికి లేచి బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉండదు. ఇంట్లో టీవీ ముందు ఆ స్వేచ్ఛ ఉంది, దానిని వాడుకుంటున్నారు. దానికి అభిరుచి లోపమని పేరు పెట్టడం అన్యాయం.

మరొక వాదన కూడా వినిపిస్తుంది, చెడ్డ పాత్రను చూసి ఇబ్బంది పడటం మనలోని చెడును చూసుకోవడానికి భయపడటమేనని. ఇది వినడానికి లోతుగా ఉంటుంది కానీ, నాకు నిలబడే మాటగా తోచలేదు. మనలోని చెడును చూపించడంలో దుర్యోధనుడి కన్నా, శకుని కన్నా గట్టి పాత్రలను ఎవరు రాశారు? వారిని చూస్తూ తెలుగువారు రాత్రులకు రాత్రులు కూర్చున్నారు. భయపడి లేచిపోలేదు.

ఇక మీ పత్రికను నేను కోరేది ఒక చిన్న విషయం. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సంస్థలు ప్రతి కార్యక్రమానికీ యు, యు/ఏ 7 ప్లస్, యు/ఏ 13 ప్లస్, యు/ఏ 16 ప్లస్, ఏ అన్న వర్గాలను సూచించాలి, అందులో ఏముందో రెండు మాటల్లో చెప్పాలి. హింస ఉంది, అసభ్య భాష ఉంది, మత్తు పదార్థాల వాడకం ఉంది అని తెర మూలన కనబడుతున్నది అందుకే. ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి అవమానించడం వాటిలో చేరదు, చేర్చాలని ప్రభుత్వాన్ని అడగడం కూడా నా ఉద్దేశం కాదు. హాస్యానికి ముద్రలు వేసే పని ప్రభుత్వానిది కాకూడదు. అది సమీక్షకులు చేయవలసిన పని. ఒక హాస్య ధారావాహికను పరిచయం చేసేటప్పుడు నటన బాగుంది, సంభాషణలు పేలాయి అని రాయడంతో ఆగకుండా, ఇందులో నవ్వు ఎవరి మీద పుడుతోంది, దెబ్బ తిన్నవారికి ఎదురు మాట్లాడే చోటు కథలో ఉందా, నవ్వుల ధ్వని ఉందా లేక నిశ్శబ్దం మీదనే నడుస్తుందా, మొదటి సీజన్ తరువాత ప్రధాన పాత్ర స్వభావంలో మార్పు ఉందా అన్న వివరాలు కూడా రాస్తే చాలా ఉపయోగం. ఉదాహరణకు ‘ది ఆఫీస్’ అమెరికా రూపంలో ఆరు భాగాల మొదటి సీజన్‌లో మేనేజరు పాత్ర చాలా కఠినంగా ఉంటుంది, రెండో సీజన్ నుంచి ఆ పాత్రను కొంత మెత్తబరిచారు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే మొదటి రోజునే విరమించుకున్న ప్రేక్షకులు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలుసుకునేవారు.

ఈ సూచనను మీ సినిమా విభాగం వారి దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాను. ఈ హాస్యాన్ని ఇష్టపడే పాఠకులు నా అభిప్రాయానికి జవాబు రాస్తే, ముఖ్యంగా ఆ తరగతి గది ఘట్టం చూసి వారు ఎక్కడ, ఎందుకు నవ్వగలిగారో వివరంగా రాస్తే, దానిని శ్రద్ధగా చదువుతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెలుగు అధ్యాపకురాలు,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.